పద్యం కింద రెండు పేర్లు

(కాకినాడలో ఒక మిత్రుని స్మృత్యర్థం చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



స్మారకోపన్యాసం అంటే మనకొక పద్ధతి ఉంది. మొదట కాసేపు పోయినవారి సుగుణాలు చెబుతాం. తరువాత గంటసేపు వారికి ఏ సంబంధమూ లేని విషయం మాట్లాడతాం. చివర వారి ఆత్మకు శాంతి కోరి టీ తాగి వెళతాం. ఈ ఏడాది నన్ను మాట్లాడమన్నప్పుడు మా మిత్రుడి ఇల్లాలు నాతో ఒక్కటే అన్నారు: "అన్నయ్యగారూ, ఆయన్ని మాత్రం పొగడకండి. ఆయనే ఉంటే మధ్యలో లేచిపోయేవారు." నిజమే, లేచిపోయేవాడు. అందుచేత పొగడను. వాడి పూర్తి పేరు మీ చేతుల్లో ఉన్న కరపత్రం మీద పెద్దక్షరాలతో ఉంది. నేను ఆ పేరుతో ఎన్నడూ పిలిచి ఎరగను. ఈ ఊళ్లో పి.ఆర్. కాలేజీలో ఇద్దరం కుర్రాళ్లుగా చేరినప్పటి నుంచీ నాకు వాడు 'వాడు', వాడికి నేను 'ఒరే'. ఇంత పెద్ద సభలో ఆ మాట వాడుతున్నందుకు మన్నించండి. 'ఆయన' అంటే ఇంకెవరి గురించో మాట్లాడుతున్నట్టుంటుంది నాకు.

పొగడకపోతే ఇక చేయగలిగింది పోట్లాటే. మా ఇద్దరికీ తెగని తగాదా ఒకటుంది. దాన్ని ఇవాళ మీ ముందు పెడతాను. వాడి పక్షం కూడా నేనే చెప్పాలి కాబట్టి కొంచెం న్యాయంగానే చెబుతాను.

తగాదా ఇది. జంటగా పద్యాలు చెప్పిన ఇద్దరిలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లో పోయారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950 దాకా ఉన్నారు. నడుమ ముప్పయ్యేళ్లు. ఆ ముప్పయ్యేళ్లలో వేంకటశాస్త్రిగారు రాసిన కావ్యాలు కూడా 'తిరుపతి వేంకటకవులు' అన్న పేరు మీదే వెలువడ్డాయి. "పోయినవాడు పద్యం ఎలా రాస్తాడ్రా? లెక్క తప్పు కదా!" అని వాడు. "అది లెక్క కాదు" అని నేను. ఇలా మొదలైన మాట హాస్టల్ గది నుంచి మా ఇద్దరి రిటైర్మెంట్ల దాకా నడిచింది.

వాడు తెలుగు మేస్టారు కాదు, లెక్కల మేస్టారు. అయినా నాకంటే వాడికే ఎక్కువ పద్యాలు వచ్చు. వాళ్ల నాన్నగారు ఊళ్లో నాటక సమాజానికి హార్మోనియం వాయించేవారు. వాడికి ఎక్కాలకంటే ముందు పడక సీను వచ్చేసింది. కురుక్షేత్ర యుద్ధానికి ముందు అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి ద్వారక వెళితే కృష్ణుడు పడుకుని ఉంటాడే, ఆ సీను. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. ఈ జంట రాసిన 'పాండవోద్యోగ విజయాలు' నాటకాలు తెల్లవార్లూ ఆడుతుంటే పడక సీనుకో కృష్ణుడు, రాయబారానికో కృష్ణుడు దిగేవారు. ఒక్కో కృష్ణుడి అభిమానులు ఒక్కో పక్క కూర్చునేవారు. 'ఒన్స్ మోర్' అని ఒక పక్క అరిస్తే, అదే పద్యానికి రెండో పక్క వాళ్లు మొహాలు తిప్పుకునేవారు. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుడికీ షణ్ముఖి ఆంజనేయరాజుగారి కృష్ణుడికీ తేడా ఎక్కడుందో మావాడు గదిలో తువ్వాలు భుజాన వేసుకుని చేసి చూపించేవాడు. ఒకరు రాగం తీసే చోట మరొకరు మాటను ఆపి పట్టుకుంటారని వాడి సిద్ధాంతం. లెక్కల వాడికి ఈ పద్యాల పిచ్చేమిట్రా అంటే, "పద్యంలో గణం తప్పితే అక్కడికక్కడే దొరికిపోతాం. వచనంలో ఎంత తప్పినా దొరకం. అందుకే నీబోటివాళ్లు వచనం రాస్తారు" అనేవాడు.

1977లో 'దాన వీర శూర కర్ణ' సినిమా వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లాం. తెర మీద ఈ జంట పద్యం మొదలవగానే హాల్లో సగం మంది గొంతు కలిపారు. రిక్షావాళ్లు, కోర్టు గుమాస్తాలు, కాలేజీ కుర్రాళ్లు, అందరికీ వచ్చు. బయటికొచ్చాక వాడన్న మాట: "ఇంతమందికి పద్యం వచ్చు. అది రాసిన ఇద్దరిలో ఒకరి మొహమైనా ఎవరికైనా తెలుసా?" ఈ మాట గుర్తుపెట్టుకోండి. వాడి అసలు అభ్యంతరం ఇందులోనే ఉంది, కాని అది నాకు తరువాత ఎప్పటికో గాని అందలేదు.

ఇక ఆ ఇద్దరు కవులు విద్యార్థులుగా ఉన్నప్పటి సంగతి.

తిరుపతిశాస్త్రిగారిది భీమవరం దగ్గర యండగండి. 1872లో పుట్టారు. తండ్రి వెంకటావధానిగారు వేదపండితులు. వేంకటశాస్త్రిగారిది కడియం. 1870 పుట్టుక. చిన్నతనం చాలావరకు యానాంలో గడిచింది. అప్పుడది ఫ్రెంచి వాళ్ల ఊరు. పద్దెనిమిదేళ్లకే యానాం వేంకటేశ్వరస్వామి మీద శతకం చెప్పారు. అందులో వ్యాకరణం తప్పిందని పండితులు పట్టుకున్నారు. సంస్కృత వ్యాకరణం సంగతి తేల్చుకోవాలన్న పట్టుదల అప్పుడు పుట్టింది. ఆ పట్టుదలే ఆయన్ని చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గరికి చేర్చింది. తిరుపతిశాస్త్రిగారు కూడా ఆ గురువుగారి దగ్గరే చదివారు.

సహాధ్యాయులన్న మాటను మనం ఇప్పుడు తేలిగ్గా అంటాం. అప్పటి గురుకులంలో సహాధ్యాయి అంటే ఒక పంక్తిలో కూర్చుని ఎదురుబొదురుగా వాదించుకునేవాడు. శాస్త్రచర్చలో తిరుపతిశాస్త్రిగారిది పైచేయి. వేంకటశాస్త్రిగారికి పురాణాలూ, కావ్యాలూ, లోకవ్యవహారమూ కొట్టినపిండి. నవ్వించి, మాట అందించి మనుషుల్ని తనవైపు తిప్పుకునే నేర్పు ఆయనది. ఒక ఏడాది వినాయక చవితి ఉత్సవాలకు చందాలు వసూలు చేయాల్సి వచ్చింది. ఒకరి పాండిత్యం, ఇంకొకరి మాటకారితనం కలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ ఆ చందాల దగ్గర తెలిసిందంటారు. తెలుగు సాహిత్యంలో ఒక మహా జంటకు పునాది చందాల పుస్తకం మీద పడిందన్నమాట. ఈ కథ మావాడికి చాలా ఇష్టం. "చందాలు వసూలు చేస్తే గాని మనిషి తత్వం తెలియదు" అంటూ మా బ్యాచి కలయికలన్నిటికీ డబ్బులు వసూలు చేసే పని తనే తీసుకునేవాడు. ఈ ఉపన్యాసం ధర్మనిధికి చందాలిచ్చిన మిత్రులు వాడి వసూళ్లను అప్పట్లో రుచి చూసే ఉంటారు.

వేంకటశాస్త్రిగారు కాశీ వెళ్లి చదువుకోవాలనుకున్నారు. డబ్బు కావాలి. కోనసీమలో అవధానం చేసి సమకూర్చుకున్నారు. ఆ తరువాత ఇద్దరూ జంటగా ఈ కాకినాడలో శతావధానం చేశారు. ఇక ఆగలేదు. వెంకటగిరి, గద్వాల, ఆత్మకూరు, విజయనగరం, పిఠాపురం - సంస్థానమన్నది ఉంటే అక్కడికి వెళ్లారు. ఆ యాత్రల పద్యాలే 'నానారాజ సందర్శనము'. మీసాలు పెంచి, మమ్మల్ని గెలిచినవాడుంటే తీసేస్తామని సవాలు విసిరారు. తగాదాలు కూడా తక్కువ కాదు. రామకృష్ణ కవులతో, కొప్పరపు సోదరకవులతో నడిచిన వాదాలు ఆ రోజుల్లో ఎన్నికల ప్రచారాల్లా ఉండేవి. ఆ వాదాల్లోంచి వచ్చిన 'గీరతం' ఇవాళ చదివితే కొన్ని చోట్ల నాకు విసుగొస్తుంది. ఇంత ప్రతిభ ఇంత చిన్న దెబ్బలాటకు ఖర్చయిందే అనిపిస్తుంది. మావాడు ఒప్పుకునేవాడు కాదు. దెబ్బలాట లేకపోతే ఆ ప్రతిభ బయటికే వచ్చేది కాదని వాడి వాదన.

తెలుగులో జంటకవులు అంతకుముందూ ఉన్నారు. పదిహేనో శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగన కలిసి 'ప్రబోధ చంద్రోదయం' రాశారు. వాళ్లు మేనమామ, మేనల్లుడు. కొప్పరపు వారు అన్నదమ్ములు. ఒక ఇంట్లో పెరిగినవాళ్లు ఒక కంచంలో తిన్నట్టు ఒక పద్యం చెప్పడంలో పెద్ద వింత లేదు. వీళ్లిద్దరికీ ఊరు వేరు, ఇల్లు వేరు, స్వభావాలు బొత్తిగా వేరు. కలిపింది చదువొక్కటే.

ఇప్పుడు నా వాదం.

శతావధానంలో పద్యాలడిగే పృచ్ఛకులు నూరుమంది. ఒక్కొక్కరికి మొదట ఒక్క పాదమే చెప్పి ముందుకు వెళ్లాలి. అలా నాలుగు ఆవృత్తులు తిరిగితే నూరు పద్యాలకు నాలుగు వందల పాదాలు. చివర అన్నీ వరసగా ధారణ చేయాలి. జంటగా చేసేటప్పుడు ఒకరు ఒక పాదం చెబితే తరువాతి పాదం ఇంకొకరు అందుకుంటారు. వృత్తపద్యంలో ప్రాస నియమం ఉంది. మొదటి పాదంలో రెండో అక్షరం ఏది పడితే తక్కిన మూడు పాదాల్లోనూ అదే పడాలి. కాబట్టి మొదటి పాదం ఎత్తుకున్నవాడు రెండోవాడికి సంకెల వేస్తున్నాడు. ఉత్సాహం కొద్దీ ఇతను 'ష్ట' వేస్తే, అతను ఆ 'ష్ట'తో వేగాలి. అతను రెండో పాదంలో వాక్యాన్ని ఏ విభక్తిలో వదిలితే, ఇతను మూడో పాదం అక్కడి నుంచే ఎత్తుకోవాలి. ధారణలో ఒకరు తడబడితే రెండోవారు అందుకోవాలంటే ఎదుటివాడు చెప్పిన పాదం కూడా తను చెప్పినంతగా నోటికి రావాలి. ఇన్నేళ్లు ఇలా పద్యం చెప్పినవాళ్లని పిలిచి, ఈ పాదం నీదా, ఆ పాదం అతనిదా అని అడగడం కోర్టు గుమాస్తా పని. కొందరు విమర్శకులు ఈ పని చేశారు. శాస్త్రం మెండుగా ఉంటే తిరుపతిశాస్త్రిగారిది, చమత్కారం ఉంటే వేంకటశాస్త్రిగారిది అని పంచిపెట్టారు. నాకు నమ్మకం లేదు. ముప్పయ్యేళ్ల సహవాసంలో శాస్త్రం వచ్చినవాడికి చమత్కారం పట్టుబడదా? చమత్కారికి శాస్త్రం అంటదా?

ఇదంతా విని మావాడు ఒక్క ముక్కలో కొట్టేశాడు. "అది 1920కి ముందు మాట కదా? నేనడిగింది తరువాతి మాట."

సరే, రెండో మెట్టు. బతికున్న రోజుల్లో కూడా ఇద్దరూ ఎప్పుడూ ఒక గదిలో కూర్చుని రాయలేదు. పోలవరం జమీందారుగారు ఎడ్విన్ ఆర్నాల్డ్ 'లైట్ ఆఫ్ ఏషియా'ను తెలుగు చేయమని అడిగి, చేసిచ్చిన తీరు మెచ్చుకుని 1901లో తమ సంస్థానానికి రమ్మన్నారు. 'సరస్వతి' పత్రిక పని తిరుపతిశాస్త్రిగారి మీద పడింది. దానికోసం ఆయన కాకినాడలో కాపురం పెట్టారు. వేంకటశాస్త్రిగారు బందరులో ఉండిపోయారు. అక్కడి హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. బందరుకూ కాకినాడకూ నడుమ కృష్ణా గోదావరుల డెల్టాలు రెండూ ఉన్నాయి. వేంకటశాస్త్రిగారు వస్తూ పోతూ ఉండేవారు. అంటే జంట పేరంటే ఇద్దరూ కలిసి కూర్చున్నారని అర్థం కాదు. ఎవరు ఎక్కడ రాసినా ఇద్దరిదీ అన్న ఒడంబడిక అది. ఆ ఒడంబడికకు దూరం అడ్డు రానప్పుడు మరణం మాత్రం ఎందుకు అడ్డు రావాలి?

"దూరంగా ఉన్నవాడికి ఉత్తరం రాసి అడగొచ్చు. నచ్చకపోతే వాడు తిట్టొచ్చు. పోయినవాడు తిట్టలేడు. నచ్చని పద్యం కింద కూడా సంతకం పెట్టాల్సిందే కదా?" అన్నాడు. ఈ దెబ్బకు నా దగ్గర చాలా ఏళ్లు జవాబు లేదు.

తిరుపతిశాస్త్రిగారు మధుమేహంతో పోయారు. ఏభయ్యో ఏడు కూడా నిండలేదు. టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టింది 1921లో. మొదటి రోగికి ఎక్కించింది 1922 జనవరిలో. అది ఈ దేశానికి ఎప్పుడు వచ్చేదో, కాకినాడలో ఒక పండితుడికి ఎప్పుడు అందేదో వేరే సంగతి. అయినా ఆ తారీఖులు పక్కపక్కన పెట్టుకుని చూస్తే మనసు ఊరుకోదు. తిరుపతిశాస్త్రిగారు పోవడానికి రెండేళ్ల ముందు, 1918లో, పోలవరం జమీందారుగారూ పోయారు. గోలంక వీరవరం జమీందారిణి రావు రామాయమ్మగారు భరణం ఏర్పాటు చేసి ఆదుకున్నారు. పోషకుడు, సహాధ్యాయి ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయేసరికి వేంకటశాస్త్రిగారి వయసు ఏభై.

ఆ వయసులో ఆయన చేయగలిగినవి చాలా ఉన్నాయి. కొత్త జత వెతుక్కోవచ్చు. బందరులో ఆయన చుట్టూ శిష్యులకు కొదవ లేదు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేలూరి శివరామశాస్త్రి - ఏ గురువుకూ ఇంతటి పంట పండలేదు. వీళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని అవధానం చేస్తే కాదనేవారెవరు? చేయలేదు. లేకపోతే ఇక నుంచి నా పేరే అనొచ్చు. అదీ చేయలేదు. ఆయన వినయవంతుడు కాబట్టి చేయలేదని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. చెళ్లపిళ్ల వారిని వినయవంతుడని ఆయన మిత్రులు కూడా అనలేదు. తన గొప్ప తను చెప్పుకోవడంలో ఆయనకు మొహమాటం లేదు. అలాంటి మనిషి పద్యం దగ్గరికి వచ్చేసరికి సగం పేరు వదులుకున్నాడంటే దానికి మర్యాదకు మించిన కారణం ఏదో ఉండాలి.

పైగా అన్నిచోట్లా జంట పేరు పెట్టలేదు. వచనంలో ఆయన రాసిన 'కథలు - గాథలు' ఆయన ఒక్కరి పేరుతోనే ఉంది. అదొక మహా సంత. గురువులు, జమీందార్లు, పంతాలు, భోజనాలు, ప్రయాణాలు - చెప్పబోయిన కథ వదిలి ఇంకో కథలోకి, అందులోంచి మరో దాంట్లోకి వెళ్లిపోతారు. అచ్చంగా అరుగు మీద కూర్చుని మాట్లాడే తెలుగు. గ్రాంథికంలో అంత పేరు తెచ్చుకున్న అవధాని ముసలితనంలో అంత చక్కని వాడుకభాష రాశాడంటే అది మన వచనానికి పట్టిన అదృష్టం. ఆ వచనం తన ఒక్కడిదని ఆయనకు తెలుసు, అక్కడ తన పేరే పెట్టుకున్నాడు. పద్యం అలా కాదని కూడా తెలుసు.

నా జవాబు నాకు ఇక్కడ దొరికింది. ఇరవై ఏళ్ల వయసు నుంచి ఏభయ్యో ఏడు దాకా ఒకే మనిషి చెవికి పద్యం వినిపించి అలవాటైనవాడికి, ఆ మనిషి పోయాక చెవి పోదు. ఎక్కడ 'ఊఁ' అంటాడో, ఎక్కడ వ్యాకరణం పట్టుకుంటాడో, ఏ సమాసానికి మొహం చిట్లిస్తాడో తెలుసు. పద్యం రాస్తున్నప్పుడే ఆ చిట్లింపు కనబడి కలం ఆగుతుంది, మాట మారుతుంది. శతకంలో తప్పు పట్టించుకుని వ్యాకరణం కోసం ఇల్లు కదిలిన కుర్రవాడు వేంకటశాస్త్రిగారు. ఆ వ్యాకరణం ఆయనకు తిరుపతిశాస్త్రి రూపంలో పక్కన కూర్చుంది. పోయినవాడు తిట్టలేడని మావాడన్నాడు. తిడతాడు. బతికున్నవాడికంటే నిక్కచ్చిగా తిడతాడు, ఎందుకంటే బతిమాలి ఒప్పించే వీలు లేదు. ఆ దిద్దుబాటులో సగం చెయ్యి ఎవరిదో తెలిసినవాడు రెండు పేర్లు రాస్తే లెక్క తప్పలేదు.

ఈ మాట వాడికి చెప్పాను. ఆదివారం పొద్దున ఫోన్లో. కాసేపు ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడేమో అనుకున్నాను. "బాగానే ఉంది గాని, నువ్వింతసేపూ వేంకటశాస్త్రిగారి గురించే మాట్లాడావు చూశావా? రెండోవాడి సంగతేమిటి?" అన్నాడు.

సినిమా హాలు బయట అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. వాడి అభ్యంతరం వేంకటశాస్త్రిగారి మీద కాదు. జంట పేరు తిరుపతిశాస్త్రిగారి పేరును నిలబెట్టింది గాని, మనిషిని మింగేసిందని వాడి బాధ. మనం తిరుపతిశాస్త్రిగారిని వేంకటశాస్త్రిగారి కళ్లతోనే చూస్తున్నాం. ముప్పయ్యేళ్లు ఎక్కువ బతికినవాడు కథలు చెప్పాడు. కథలు చెప్పినవాడి గొంతు మనకు తెలుసు, నడక తెలుసు, కోపం తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు ప్రభుత్వం ఆస్థానకవిని చేసింది. జాషువాగారి కాలికి తన చేత్తో గండపెండేరం తొడిగిన పెద్దాయనగా కూడా మనకు కళ్లకు కట్టినట్టున్నాడు. రెండోవారు? 'శాస్త్రపాండిత్యం గలవారు' అన్న ఒక్క విశేషణం మిగిలింది. ఈ ఊళ్లోనే కాపురమున్నారు. ఏ వీధిలో ఉండేవారో ఈ సభలో ఎంతమంది చెప్పగలరు? తిరుపతి వేంకటకవులంటే ఒక్కరే అనుకునే చదువుకున్నవాళ్లు నాకు తగిలారు. మీకూ తగిలే ఉంటారు.

వాడి దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది, దాన్ని నవ్వుతూ బయటికి తీసేవాడు. తిరుపతిశాస్త్రిగారి మరణం మీద 'దివాకరాస్తమయము' అని స్మృతికావ్యం ఉంది. జంటకవుల రచనల పట్టికలో దాన్నీ చేర్చారు. "చూశావుట్రా, తన చావు మీద తనే పద్యాలు చెప్పుకున్నాడు!" అని పడీపడీ నవ్వేవాడు. నవ్వు ఆగాక, "ఏమాటకామాటే, ఇంత గౌరవం ఇంకెవరికీ జరగలేదు" అనేవాడు. వాడిలో ఉన్న చిక్కు ఇదే. వాదన గెలిచే చోట వదిలేసేవాడు.

శిష్యులు గురువుగారి దారి పట్టలేదన్న సంగతి కూడా చెప్పాలి. పింగళి, కాటూరి కూడా కలిసి రాసిన మిత్రులే. 'తొలకరి', 'సౌందరనందము' ఇద్దరివీ. 'సౌందరనందము' గురువుగారికే అంకితమిచ్చారు. కాని 'పౌలస్త్య హృదయం' కాటూరివారిది, 'ఆంధ్ర సాహిత్య చరిత్ర' పింగళివారిది. కలిసి రాసింది కలిసి, విడిగా రాసింది విడిగా. విశ్వనాథ కూడా కుర్రతనంలో కొడాలి ఆంజనేయులుగారితో కలిసి 'సత్యాంజనేయులు'గా పద్యాలు రాశారు. తరువాత ఎవరి దారి వారిది. 1962లో కాటూరివారు పోయాక పింగళివారు దాదాపు పదేళ్లున్నారు. ఈ పద్ధతిలో ఇద్దరి మొహాలూ మనకు విడివిడిగా కనబడతాయి. మావాడికి ఈ జంట నచ్చేది. "ఇది న్యాయమైన భాగస్వామ్యం. బ్యాలెన్స్ షీటు తేలుతుంది" అనేవాడు. నాకు మాత్రం బ్యాలెన్స్ షీటు తేలని మొదటి జంటే ఇష్టం. ఇష్టాలకు వాదన లేదు గనక ఇక్కడ ఆపుతాను.

నేను ఈ జంటకవుల మీద ఒక పుస్తకం రాస్తున్నానని మీలో కొందరికి తెలుసు. రాసిన ప్రతి అధ్యాయమూ మొదట వాడికి పోస్టులో వెళ్లేది. వాడు పెన్సిలుతో కొట్టేసి తిరిగి పంపేవాడు. లెక్కల పేపర్లు దిద్దిన చెయ్యి కదా, మార్జిన్లో మార్కులు కూడా వేసేవాడు. 'ఈ పేరాకి సున్నా. చెప్పిందే చెప్పావు.' 'ఇక్కడ స్టెప్పు ఎగరగొట్టావు.' ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఒక అధ్యాయం దిద్దాడు. అక్షరాలు కొంచెం వంకర పోయాయి గాని, మార్కులు మాత్రం పెరగలేదు.

వాడు పోయాక కొందరు మిత్రులు నాతో అన్నారు, పుస్తకం మీద ఇద్దరి పేర్లూ వేయరాదా అని. ఇంతసేపూ నేను మాట్లాడిన దాన్ని బట్టి వేయాలనే మీకూ అనిపించవచ్చు. నేను వేయను. తిరుపతిశాస్త్రిగారు పాదం చెప్పిన మనిషి. ప్రాస సంకెల వేసి, వేయించుకుని, నాలుగు వందల పాదాలు మోసిన మనిషి. మావాడు ఒక్క వాక్యం కూడా రాయలేదు, రాయమన్నా రాసేవాడు కాదు. కొట్టేయడమే వాడి పని. కొట్టేసినవాడి పేరు అట్ట మీద వేస్తే వాడు ఆ పేరును కూడా కొట్టేసి, పక్కన 'సున్నా' అని వేస్తాడు. జంట పేరు ప్రేమకొద్దీ పెట్టేది కాదని, పని చేసినవాళ్లకే చెల్లుతుందని వాడే కదా ఇన్నేళ్లూ వాదించింది. ఆ మాటకు కట్టుబడతాను.

వాడు కొట్టేసినవన్నీ నేనూ కొట్టేశాను. తిరుపతిశాస్త్రిగారికి పేజీలు చాలలేదని ప్రతి అధ్యాయం చివరా రాసేవాడు కాబట్టి, ఆయన కాకినాడ రోజుల మీద విడిగా ఒక అధ్యాయం వేస్తున్నాను. ఈ ఊళ్లో పాత కాగితాలున్నవారు ఎవరైనా చూపిస్తే సంతోషం. 'సరస్వతి' పాత సంచికలు ఎవరి అటక మీదైనా ఉంటే మరీ సంతోషం, వచ్చి అక్కడే కూర్చుని చదువుకుంటాను, ఇంటికి ఇమ్మని అడగను. వాడి మాట కాదని మూడో అధ్యాయంలో ఒక్క పేరా మాత్రం ఉంచేశాను. 1920 తరువాత కూడా పద్యం కింద రెండు పేర్లు ఉండటం న్యాయమేనని చెప్పే పేరా అది. దానికి వాడు అడ్డంగా రెండు గీతలు గీసి నూటికి ముప్పై నాలుగు వేశాడు, ఒక్క మార్కు తక్కువతో ఫెయిలు చేస్తూ. ఆ మార్కు నేను కలుపుకుని అచ్చుకు పంపుతున్నాను.